మల్లవ్వ పేరులో తప్పేమున్నది?

సూరతు నగరమునకు దక్షిణమున పాండేసర యను పారిశ్రామిక వాడ కలదు. ఒక వైపున అద్దకపు మిల్లుల పొగగొట్టములు, మఱియొక వైపున సాంచాల ఖాతాలు. నడుమనున్న గల్లీలలో గంజామునుండి వచ్చిన ఒరియావారు, బీహారువారు, ఖాందేశపు మరాఠీలు, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన మా తెలుగు పద్మశాలీలు గోడకు గోడ చేర్చి కాపురముందురు. మా గల్లీలో ఒక యింట గడచిన శ్రావణమాసమున ఆడశిశువు జన్మించినది. తండ్రి సాంచాలు నడుపును. తల్లి యింటివద్దనే చీరలకు రాళ్లంటించు పని చేయును. శిశువునకు బాపమ్మ కలదు. ఆమె పేరు మల్లవ్వ.

ఇరువదియొకటవ నాడు బిడ్డను తొట్టెలలో వేయవలసియుండగా, ముందునాటి సాయంకాలము ఆ తండ్రి నన్ను పిలుచుకొనిపోయెను. హిందీ చదివినవాడనగుటచే మా గల్లీలో నాకు పేర్ల సారు అను బిరుదొకటి యున్నది. హిందీలోను గుజరాతీలోను నోరు తిరుగు పేర్లు, రెండు మూడక్షరములకు మించనివి, నేనేరి చెప్పగా పెట్టుకొన్న పిల్లలు ఈ గల్లీలో డజనుకు తక్కువ లేరు. ఆ దినము కూడ నాలుగు పేర్లు కాగితముపై వ్రాసి జేబులో పెట్టుకొనియే పోయితిని. వాడుక కొద్ది, ఇంటి పెద్దల పేరేదైన నిలుపవలెనని యున్నదా యని యడిగితిని. ఆతడు గొంతు తగ్గించి, "మా అవ్వ పేరు మల్లవ్వ సారూ. అది ఈడ నడువది. బడిల పోరగాండ్లు మల్బా మల్బా అని ఏడిపిస్తరు" అనెను. మల్బా యనగా హిందీలో కూలిన యింటి రాళ్లకుప్ప.

గడపయొద్ద కూర్చుండి చీర అంచున మిగిలిన దారములు తెంపుచున్న ఆ ముసలితల్లి తలయెత్తకయే అనినది: "నా పేరే పెట్టుమని నేనంటలేను కొడుకా. గని నా పేర్ల తప్పేమున్నదో సారును చెప్పుమను."

సారు చెప్పలేకపోయెను. జేబులోని కాగితము తీసి యిచ్చి, చాయ త్రాగి, తిరిగి వచ్చితిని. నాటినుండి ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము ఆలస్యముగ నిచ్చుచున్న ప్రత్యుత్తరము. మల్లవ్వకు అక్షరములు రావు గనుక దీని నామె చదువబోదు. ఆమె పేరును తప్పుపట్టువారు చదువుదురు. అట్టివారి పంక్తిలో నేనును చిరకాలము కూర్చుంటిని. ఇందులోని నిష్ఠురములలో సగపాలు నాకే చెందునని పాఠకులు గ్రహింతురు గాక.

అది అర్థము లేని మోటుపేరని మొదటి యాక్షేపణ. అర్థము లేకపోవుట కాదు, ఒకటికి మించి యుండుటయే ఆ పేరుతో వచ్చిన చిక్కు. మల్లె యను పూవు నెఱుగని తెలుగువాడు లేడు. వేసవి సాయంకాలమున మూర చొప్పున కొలిచి యమ్ము ఆ పూవే మల్లవ్వ పేరులో మొదట వినవచ్చును. కాని ఆమె పేరు పూవునుండి తిన్నగ వచ్చినది కాదు. తరువాత నొకనాడు ఆమెనే యడిగితిని. తనకు ముందు పుట్టిన యిద్దరు బిడ్డలు పురిటిలోనే పోగా, తల్లి కొమురెల్లి మల్లన్నకు మ్రొక్కుకొన్నదట. ఆ మ్రొక్కు పండి నిలిచిన బిడ్డ గనుక మల్లవ్వ. కొమురెల్లి యనగా నేటి సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి. సంక్రాంతి మొదలు ఉగాది వఱకు అచట జాతర సాగును. ఒగ్గువారు డోలు కొట్టి మల్లన్న కథ చెప్పుదురు. రంగుల పిండితో పెద్దపట్నము వేయుదురు. బండారి యని పిలుచు పసుపును నుదుట పట్టించుకొని జనులు మరలుదురు. ఆ దేవునికి బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ యని ఇద్దరు భార్యలు. పండితులీ మల్లన్నను శ్రీశైల మల్లికార్జునునితో కలుపుదురు. చంద్రవతి యను రాజపుత్రి మల్లెదండలతో పూజించుటచే ఆ లింగమునకు ఆ పేరు కలిగెనని స్థలపురాణము. పూవు దేవుని చేరి, దేవునినుండి బిడ్డను చేరి, మల్లవ్వ యయినది.

ఇచట మా మరాఠీ పొరుగువారి మాట యొకటి చెప్పవలెను. వారు కొలుచు ఖండోబాకు మల్హారి, మల్హార్ అను పేర్లు గలవు. ఆయనకును ఇద్దరు భార్యలు: వర్తకుల యింటి మ్హాళసా, గొల్లల యింటి బాణాయి. జేజురిలో భక్తులు చల్లుకొను పసుపును భండారా యందురు. మన బండారియే అది. ఖండోబాను, కన్నడ దేశపు మైలారుని, మన మల్లన్నను ఒక్క కుటుంబముగ జూచి జర్మను పండితుడు సొంథైమరు (1934–1992) జీవితకాలము పరిశోధించెను. మల్లుడను రాక్షసుని చంపుటచే మల్లారి యయ్యెనని మరాఠీ పౌరాణికులందురు. మల యనగా కొండ గనుక కొండదేవుడని మఱికొందఱందురు. ఏది నిజమైనను నాకభ్యంతరము లేదు. మా గల్లీలో మల్హార్ అను పేరుగల మరాఠీ కుఱ్ఱవాడొకడున్నాడు. ఆ పేరు విని యెవ్వరును నవ్వరు. ఇండోరు నేలిన హోళ్కరు వంశమునకు మూలపురుషుని పేరది. అదే దేవుని పేరు మన ముసలిదానికుండిన మాత్రము రాళ్లకుప్ప యగును!

మా తెలంగాణపు పాతకాలపు స్త్రీల పేర్లు ఊరక పెట్టినవి కావు. వాని వెనుక త్రోవలున్నవి. రాజవ్వ యనినచో ఆ యింటివారు వేములవాడ రాజన్నకు కోడెను గట్టినవారు. నర్సవ్వ యనినచో ధర్మపురి నరసింహుడో యాదగిరి నరసింహుడో ఆ యింటి దేవుడు. కొమురవ్వ పేరులోనే కొమురవెల్లి యున్నది. ఐనవోలును జనులు ఐలోని యందురు. ఐలోని మల్లన్న పేరు మోసినవారు ఐలయ్యలు, ఐలవ్వలు. ఎల్లవ్వ, పోచవ్వ పేర్లలో ఊరి పొలిమేర నిలిచిన తల్లులున్నారు. వంద యిండ్ల పల్లెలో ఆడువారి పేర్లు వరుసగ చదివినచో, ఆ పల్లెవారు ఏయే దిక్కులకు బండ్లు గట్టుకొనిపోయి మ్రొక్కులు చెల్లించిరో తెలియును. సూరతుకు వచ్చినవారు పొలము తేలేదు, ఇల్లు తేలేదు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో టిక్కెట్టు లేకుండ వెంట తెచ్చుకొనదగినది పేరొక్కటియే. దానినికూడ దింపివేయుమని సలహా యిచ్చినవాడను నేను.

నేను సలహాగ నిచ్చిన పేర్లకేమి కొదువ? వినుట కింపుగ నుండును. అర్థము కూడ నిఘంటువులో దొరకును: కిరణము, ఆశ, కవిత్వము, ఆరంభము. ఏ యూరివో చెప్పవు, ఏ యింటివో చెప్పవు. సూరతు బట్టల బజారులో ప్రతి ఋతువునకును క్రొత్త చీరల రకములు బయలుదేరును. వర్తకులు వానికి స్త్రీల పేర్లు పెట్టి కేటలాగులలో అచ్చువేయింతురు. ఒకనాడు అట్టి కేటలాగు నొకదానిని త్రిప్పుచుండగా నేను మా గల్లీ పిల్లలకు పెట్టిన పేర్లలో మూడు కనబడినవి. చీరకైనచో ఆ పేరు తగియే యున్నది. వచ్చు దీపావళికి మఱియొకటి వచ్చును, దీనిని సగము ధరకు తోలివేయుదురు. బిడ్డకు పెట్టు పేరు అట్లు బేరమునకు పెట్టినది కారాదని ఆ పుటలు త్రిప్పునపుడు నాకు తోచినది.

"మల్లె వఱకు బాగుగనే యున్నది, ఆ 'అవ్వ' యెందుకు?" అని కొందఱు మెత్తగ నందురు. కృష్ణా గోదావరీ తీరములవారికి అవ్వ యనగా పండుముసలి. అందుచే ఉయ్యాలలోని బిడ్డను మల్లవ్వ యనుట వారికి హాస్యముగ తోచును. ఉత్తర తెలంగాణమున అవ్వ యనగా కన్నతల్లి. కన్నడమునను అంతే. ఈ గుజరాతు దేశమున తల్లిని బా యందురు. పోరుబందరులో 1869 లో పుట్టిన బాలికకు కస్తూరి అను పేరు తల్లి యను మాటతో కలిసి కస్తూర్‌బా యయినది. ఆ పేరు విని జాతి యంతయు చేతులు మోడ్చును. కస్తూరికి బా చేర్చినచో పూజ్యము, మల్లెకు అవ్వ చేర్చినచో పరిహాసము! వ్యాకరణము రెంటికిని ఒక్కటియే. తేడా యెచటనున్నదో చెప్పవలసినవారు చెప్పరు గనుక నేనే చెప్పెదను: కస్తూర్‌బా పేరు చదువుకొన్నవారి నోట విన్నాము, మల్లవ్వ పేరు కండెలు చుట్టు వారి నోట, బీడీలు చేయు వారి నోట, నాట్లు వేయు వారి నోట విన్నాము. పేరుపై మన యసహ్యమంతయు ఆ నోళ్లపై గల అసహ్యమే.

పండితులొక యుపాయము చెప్పుదురు. మల్లవ్వ యనునది మల్లిక యను సంస్కృత పదమునకు అపభ్రంశమట. శుద్ధరూపమున మల్లిక యని పెట్టినచో దోషము తీరునట. అమరకోశమున మల్లిక యున్న మాట నిజమే. సంస్కృతములోని ఆ శబ్దమే దక్షిణదేశపు భాషలనుండి పోయినదని తలచు భాషాశాస్త్రజ్ఞులు లేకపోలేదు. ఆ తగవు తీరువఱకైనను, మన పెరటిలోని పూవునకు అప్పుపత్రము వ్రాసియిచ్చు తొందర యెందులకు? 13వ శతాబ్దమున పాలకురికి సోమనాథుడు జానుతెనుగుకై యెలుగెత్తినపుడు ఎదుర్కొన్నదియు ఇట్టి తొందరనే. కుమ్మరి కేసన కూతురు మొల్ల పేరును శుద్ధిచేయవలెనని యెవ్వరును పూనుకొనలేదు. మొల్లయు మల్లె జాతి పూవే. ఆమె రామాయణము వ్రాసినది గనుక ఆ పేరు మిగిలినది. దారములు తెంపి పొట్టపోసికొనువారి పేర్లకు ఆ రక్షణ లేదు.

సూరతువారి యెదుటనే చెప్పదగిన మాట యొకటి యున్నది. జైనుల ఇరువదినలుగురు తీర్థంకరులలో పందొమ్మిదవవాడు మల్లినాథుడు. దిగంబరులు కాదందురు గాని, శ్వేతాంబరులు ఆ మల్లినాథుడు స్త్రీ యనియే విశ్వసింతురు. ఆరవ అంగమగు జ్ఞాతాధర్మకథలో ఆమె కథ యున్నది. మిథిల నేలిన కుంభరాజు కూతురామె. తల్లి ప్రభావతి కడుపుతో నుండగా మల్లెదండలపై కోరిక కలిగెనట. అందుచే బిడ్డకు మల్లి యని పేరు. ఆమె సౌందర్యము విని ఆర్గురు రాజులు దండెత్తి రాగా, తనవలెనే యుండు బంగారు బొమ్మ నొకదానిని చేయించి, అందులో దినమున కొక ముద్ద అన్నము పడవేయుచు వచ్చి, ఆ రాజుల యెదుట మూత తీయించినది. కంపు భరింపలేక వారు ముక్కులు మూసికొనిరి. పైపూత యెంత బంగారమైనను లోపలి దేహమిట్టిదేనని యామె వారికి చెప్పినది. ఈ గుజరాతులోనే భోయణీలో ఆమెకు ప్రసిద్ధమైన ఆలయము కలదు. సూరతు బట్టల బజారులో శ్వేతాంబర వర్తకులు తక్కువ లేరు. మల్లవ్వ దారములు తెంపిన చీరను దుకాణములో పఱచువాడు ఉదయమున మల్లికి తల వంచి వచ్చినవాడై యుండవచ్చును. గర్భవతి మల్లెపూలు కోరిన కారణమున పెట్టిన పేరు మిథిలలో పవిత్రము. గర్భవతి మల్లన్నకు మ్రొక్కిన కారణమున పెట్టిన పేరు కరీంనగరములో మోటు. ఇది యే న్యాయము?

మన యాధునికుల ముచ్చట మఱియొకటి. అమెరికాలోను హైదరాబాదులోను కూడ తెలుగు కుటుంబములలో జాస్మిన్ అను పేరు విన్నాను. పారసీకపు యాస్మిన్ శబ్దము అరబ్బుల నోటను, ఫ్రెంచివారి నోటను నాని ఇంగ్లీషున జాస్మిన్ అయినది. 1992 లో వెలువడిన అలాద్దీన్ బొమ్మల చలనచిత్రములో రాకుమారి పేరదియే. పూవు మాత్రము మన మల్లెయే. చైనావారు దానిని మోలీ యందురు. ఆ మాట మన మల్లికనుండియే పోయినదని పండితులు చెప్పుదురు. హిమాలయములు దాటి పోయినది, సముద్రములు దాటి తిరిగి వచ్చినది, అందఱకును ఇంపే. కొమురవెల్లినుండి పాండేసరకు వచ్చినదే చేదు. అచటివారైనను తమ పాతపేర్లను శాశ్వతముగ పారవేయలేదు. అమెరికా ప్రభుత్వము 1880 మొదలు పుట్టిన బిడ్డల పేర్ల పట్టికలు ప్రకటించుచున్నది. వానిని త్రిప్పినచో హేజెల్, ఐవీ, ఆలివ్ వంటి తాతలనాటి పేర్లు, చెట్టుల పేర్లు, నడుమ కొంతకాలము మఱుగుపడి మరల పైకి వచ్చుట కనబడును. ముత్తవ్వ పేరు పెట్టుకొనుట వారికి ముచ్చట.

మనవారికి పాతపేరుపై ప్రేమ లేదనరాదు. దూరమునుండి చూచు ప్రేమ మెండుగ కలదు. 1951 లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన మల్లీశ్వరిలో నాయికను నాయకుడు మల్లీ యని పిలుచును. ఆ పిలుపు వినుటకు తెలుగుదేశము టిక్కెట్టు కొన్నది. 2000 లో సిడ్నీ ఒలింపిక్కులలో కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యపతకము గెలిచినపుడు, ఒలింపిక్కులలో పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ యని హిందీ పత్రికలు ఆ పేరును ద్విత్వములతో సహా పతాకశీర్షికలకెక్కించినవి. సంస్కృతమున మల్లుడనగా కుస్తీవాడు గనుక ఆ యర్థము కూడ ఆ దినమునకు కుదిరినది. విసునూరు దేశ్‌ముఖు నెదిరించి తన పంటను కాపాడుకొన్న చాకలి ఐలమ్మ పేరును 2024 లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టినది. లంబాడిపల్లె గంగవ్వను తెరపై చూచి నవ్వి, చేతులు తట్టి, మా బాపమ్మవలె నున్నదని మెచ్చుకొననివారు లేరు. విశ్వవిద్యాలయమునకు పనికివచ్చిన పేరు విద్యార్థినికి పనికిరాదు. మా వార్డు ఓటర్ల జాబితాను ఒకసారి ఆసాంతము చదివితిని. అరువది దాటిన తెలుగు స్త్రీలలో మల్లవ్వలు, రాజవ్వలు, లచ్చవ్వలు పుటపుటకును తగిలిరి. ముప్పదికి లోపు వారిలో నొక్కరును కనబడలేదు.

ఇక నా సొంత నేరము. చాల యేండ్ల క్రిందట ఒక తెలుగు కథను హిందీలోనికి అనువదించితిని. అందులో కండెలు చుట్టు ముసలిది మల్లవ్వ. హిందీ పాఠకునికి ఆ ద్విత్వములు గొంతుకు పట్టునని తలచి, ఆమెను మల్లికా చేసితిని. సంపాదకుడు సంతోషించెను. నేనును సంతోషించితిని. కొన్ని మాసములకు ఒక పాఠకుని జాబు వచ్చినది. కథ బాగున్నది గాని, రాణిగారు కండెలు చుట్టవలసిన దుఃస్థితి యెట్లు వచ్చినదో రచయిత చెప్పలేదని ఆయన విచారపడెను! అరబీనుండి వచ్చిన మలికా యనగా రాణి. హిందీవారు దానిని గూడ ద్విత్వముతో మల్లికా యని వ్రాయుట కలదు. నూర్జహానును మల్లికా-ఏ-తరన్నుమ్ అని వ్రాసినట్లు. ఆ ముసలిదానికి నేను కిరీటము పెట్టి ఊరు తీసివేసితిని. కులము పోయినది, మ్రొక్కు పోయినది, తల్లి పోయినది. మిగిలినది పరిమళము.

దీనికి సమాధానముగ, పాఠకుని సౌలభ్యము అని మా అనువాదకులందురు. 1936 లో వెలువడిన గోదానమును తెలుగువారు చదువలేదా? హోరీ, ధనియా, ఝునియా, సిలియా—ఆ పేర్లు ఎవని గొంతుకును పట్టలేదు. హోరీ కొడుకు గోబర్; ఆ మాటకు హిందీలో పేడ యని యర్థము. ఆ పేరు వినినపుడు మనకు మన పెంటయ్యలు, పెంటమ్మలు జ్ఞప్తికి వచ్చిరి. బిడ్డలు నిలువని యింట దిష్టి తగులకుండ పెట్టు పేరని అర్థమయినది. ధనియాను ధన్య చేయుమని మనమడుగలేదు. అవధు దేశపు రైతును అతని పేరుతోనే మన యింటికి పిలిచితిమి. మన సాలెస్త్రీని వారి యింటికి పంపునపుడు మాత్రము ముఖము కడిగి, పేరు మార్చి పంపుచున్నాము. హిందీ పాఠకుడు అంత సుకుమారుడని మనకెవరు చెప్పిరి? అతని నగరములలోను చమేలీలు, రామ్‌కలీలు ఇట్లే నవ్వులపాలయిరి. చమేలీ కూడ మల్లెయే. ఆ బాధ అతనికి మనము చెప్పినచో తెలియకపోదు.

గట్టి యాక్షేపణ యొకటి మిగిలినది. అది ఆ తండ్రిది. పండితుల మాటలను త్రోసివేసినంత సులభముగ దానిని త్రోయజాలను. మల్లవ్వ కాగితములు నేను చూచితిని. రేషను కార్డులో మలవాబేన్. బ్యాంకు పుస్తకములో మల్వా. ఈ రెండు పేర్లును ఒక్క మనిషివేయని నోటరీ యొద్ద ప్రమాణపత్రము వ్రాయించుటకు ఆమె కొడుకు ఒక దినపు కూలి పోగొట్టుకొన్నాడు. ఈ దేశపు పద్ధతిలో ఇంటిపేరు, పేరు, భర్త పేరు వరుసగ నుండవలెను గనుక ఆ వరుసలోను తికమక వచ్చినది. గుజరాతీ లిపిలో ద్విత్వము లేదని యనుకొనరాదు. కౌస్తుభుని, హర్షవర్ధనుని తప్పులేకుండ వ్రాయు చేయియే మల్లవ్వయొద్దకు వచ్చుసరికి బద్ధకించును. ఎవరి పేరు తప్పు వ్రాసినచో ఎవరు తిరుగబడుదురో ఆ చేతికి తెలియును. అయినను కూలి పోయినది ఆ చేతికి కాదు, సాంచాలు నడుపు వానికి.

బడిపిల్లల సంగతియు అట్టిదే. సూరతు నగరపాలిక తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచు వచ్చినది. అచట మల్లవ్వ యనినచో ఎవడును నవ్వడు. కాని మావారిలో ఎక్కువమంది హిందీ బడికో ఇంగ్లీషు బడికో పంపుచున్నారు. హిందీలో మల్ అనగా మలినము, మల్బా అనగా రాళ్లకుప్ప. ఆరేండ్ల పిల్లకు కస్తూర్‌బాను, మల్లినాథుని చెప్పి పంపినంత మాత్రమున ఆ నవ్వులాగవు. పెద్దల యభిమానపు జెండాను మోయుటకు పసిబిడ్డ వెన్ను నడుగుట ధర్మము కాదని ఆ తండ్రి యనినచో నేను కాదనలేను. కాని ఆతడు నాతో చెప్పినది అది కాదు. పేరు నడువదనెను, తల్లి యెదుటనే. నాలుగు పేర్లు జేబులో పెట్టుకొనిపోయిన నేను ఆ మాటకు సాక్షిసంతకము పెట్టితిని. బిడ్డకు వేఱు పేరు పెట్టుకొనవచ్చును; ఎందఱో పెట్టుకొనిరి. అందుకై తల్లి పేరు తప్పని యెందుకు తీర్పు చెప్పవలెను? బడిలో ఒక పేరు, ఇంట నొక పేరు ఉండుట మన దేశమున క్రొత్తయా? మల్లి యనియే పెట్టినచో ఏ గొంతుకకు అడ్డము? అది హిందీవాని నోటను తిరుగును, గుజరాతీవాడు ఆలయములో విన్నదే, చైనావాడు కూడ గుర్తుపట్టును. ఇవి యన్నియు ఆనాడు నా నోట రావలసిన మాటలు.

ఆలస్యముగనైనను పోయి చెప్పితిని. ఆ తండ్రి విన్నాడు గాని అవుననలేదు, కాదనలేదు. నేనిచ్చిన కాగితములోని నాలుగు పేర్లలో దేనిమీదను భార్యాభర్తల కింకను ఏకాభిప్రాయము కుదురలేదట. తొట్టెలలో వేసిన నాడు చెవిలో ఏదో యొకటి చెప్పిరి గాని, జనన ధ్రువపత్రమున పేరు గడి ఖాళీగనే యున్నది. 1969 నాటి చట్టము ననుసరించిన నియమముల ప్రకారము పన్నెండు మాసములలోపల రుసుము లేకుండ పేరు వ్రాయించుకొనవచ్చును. రుసుము కట్టినచో పదునైదేండ్ల వఱకును గడువున్నది. ఇప్పుడు ఫాల్గుణము.

మొన్న ఆ గడప ముందుగ పోవుచుంటిని. మల్లవ్వ లోపల నిద్రించుచున్నది. దూలమునకు కట్టిన పాతచీర ఉయ్యాలలో బిడ్డ యేడ్చుచుండగా తల్లి రాళ్లంటించు చేతిని తుడిచికొని లేచి ఉయ్యాల నూపుచు, "ఊకో మల్లీ, ఊకో" అనినది. నన్ను చూచి, నాలుక కఱచుకొని, "బాపమ్మ అట్ల పిలుస్తది సారూ, నాగ్గూడ అదే అలవాటైంది" అని నవ్వినది. నేనేమియు అనలేదు. బిడ్డ యూరకుండినది.